పాసుబుక్కు అన్న దగ్గరుంది

మా అన్న మీద నాకు నమ్మకం ఎప్పుడు కుదిరిందో కచ్చితంగా చెప్పగలను. అరవై తొమ్మిదిలో, జనగామలో, మేమిద్దరం అద్దెకున్న గది గుమ్మంలో. నేను హైస్కూలు చివరి తరగతి, అన్న పీయూసీ. మా ఊరు జఫర్‌గఢ్ దగ్గర పల్లె. బాపు అప్పటికే పోయాడు. మా అమ్మే, మేం అవ్వ అని పిలిచేవాళ్లం, సాగు చూసుకుంటూ మా ఇద్దరినీ చదువుకి పంపింది.

ఆ రోజు ప్రత్యేక తెలంగాణ ఊరేగింపులో పోలీసులు కొట్టారు. అన్న ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకొని వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. మణికట్టు అప్పుడే వంకాయలా ఉబ్బింది. నేను ఏడుపు మొదలుపెట్టాను.

"ఏడ్వకు చెల్లె. నా చెయ్యి పోతే పోయింది. రేపు నీకు నౌకరి రావాలె. మన నౌకర్లు మనకే రావాలె, గదే లొల్లి" అన్నాడు.

మూడోరోజు మళ్లీ వెళ్లి అరెస్టయ్యాడు. మూడు వారాలు జైల్లో ఉన్నాడు. మణికట్టుకు సరిగ్గా కట్టు కట్టించే దిక్కు లేక అది వంకరగానే అతుక్కుంది. బళ్లు, కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి. నాకు ఒక ఏడాది పోయింది. అన్నకు చదువే పోయింది. తర్వాత కొన్నాళ్లకు, ముందు నడిచిన పెద్దలు ఎవరిని తిట్టారో వాళ్లతోనే చేతులు కలిపి కుర్చీలెక్కారు. ఆ వార్త రేడియోలో విన్న రోజు అన్న అన్నం తినలేదు. రెండు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. మూడోరోజు లేచి నాగలి కట్టాడు. ఇక జనగామ మాట ఎత్తలేదు.

నాకు పద్దెనిమిది నిండగానే పెళ్లి చేశారు. మహబూబాబాద్ పక్క పల్లెలో ఇల్లు, భూమి బాగానే ఉన్నవాళ్లు. ఏడాది తిరక్కుండానే ఆ ఇంట్లో బతకలేనని తెలిసిపోయింది. నా భర్త కొట్టేవాడు, అత్త తలుపు వేసేది. అంతకంటే దాని గురించి రాయాలని లేదు. దొంగతనంగా ఒక కార్డు ముక్క రాశాను. కార్డు అందిన మర్నాడే అన్న వచ్చాడు. వాకిట్లోనే నిలబడ్డాడు, మంచినీళ్లు కూడా ముట్టలేదు.

"నా చెల్లెను తీస్కపోతున్న. సామాన్లు మీరే ఉంచుకోండ్రి" అన్నాడు.

ఊరు ఊరంతా మాట్లాడింది. పెళ్లయిన ఆడపిల్లను ఇంట్లో పెట్టుకుంటే రేపు నీ పిల్లల సంబంధాలు ఎట్లా అని మా పెద్దనాయన పంచాయతీ పెట్టాడు. అన్న దుక్కిటెడ్లలో ఒక జత అమ్మి నన్ను టీచరు ట్రైనింగులో చేర్పించాడు. బస్సులో నా పెట్టె ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. వంకర చెయ్యి పెట్టె మూత మీద ఉంది. ఆ చేతి వైపు చూస్తూ, ఈ మనిషి నాకు ఎప్పుడూ అన్యాయం చెయ్యడు అనుకున్నాను. అప్పటికి అది నిజమే.

నాకు దంతాలపల్లి పక్క ఊళ్లో ప్రాథమిక పాఠశాలలో ఉద్యోగం వచ్చింది. రెండు గదుల బడి, నలభై మంది పిల్లలు, నాతో పాటు ఒక పెద్దసారు. పెంకుటింట్లో ఒక పక్క అద్దెకున్నాను. మొదటి జీతం తీసుకెళ్లి అవ్వ చేతిలో పెడితే, అవ్వ అందులోంచి పది రూపాయలు తీసుకొని తక్కినవి అన్నకిచ్చింది. అన్న అవి నాకే తిరిగిచ్చాడు.

"నీ పైస నువ్వే దాచుకో. నెలనెలా కట్టే ఖాతా ఉంటది పోస్టాఫీసుల. అయిదేండ్లయినంక వడ్డీతోని వస్తది. రేపు నీకు దిక్కు గదే."

అప్పటికి అన్న వ్యవసాయంతో పాటు పొదుపు ఏజెంటు పని కూడా పట్టాడు. ఊరూరా తిరిగి జనంతో ఖాతాలు తెరిపించి, నెలకోసారి డబ్బు వసూలు చేసుకెళ్లి పోస్టాఫీసులో కట్టేవాడు. సైకిలు, భుజానికి ఖాకీ సంచి, అందులో రబ్బరు పట్టీ వేసిన పాసుబుక్కుల కట్ట. జనగామ వైపు ఉన్న ఒక పోస్టాఫీసులో నా పేర ఖాతా తెరిచాడు. నెలకు అరవై రూపాయలు. జీతం అందిన వారంలోపు బస్సెక్కి వచ్చేవాడు. నేను చేసిన పప్పుచారు తిని, పిల్లల సంగతులు చెప్పి, అరవై తీసుకొని వెళ్లేవాడు.

"పుస్తకం నాకిచ్చి పోరాదన్నా" అని ఒకసారి అడిగాను.

"నెలనెల ఎక్కియ్యాలె గదనే. గీ ఇంట్ల చెదలు సూడు, నీ రిజిస్టరే సగం తిన్నయి. నా తాన భద్రంగుంటది."

నిజంగానే చెదలు రిజిస్టరు తినేశాయి. ఇద్దరం నవ్వుకున్నాం. అయిదేళ్లలో నాలుగుసార్లో అయిదుసార్లో పుస్తకం తెచ్చి చూపించాడు. నీలిసిరా అంకెలు, పక్కన గుండ్రటి ముద్ర. ఒక్క నెల తప్పలేదు. బయటివాళ్లు ఎవరైనా నీ డబ్బు ఎక్కడ దాచుకుంటావు టీచరమ్మా అని అడిగితే, పాసుబుక్కు అన్న దగ్గరుంది అని గర్వంగా చెప్పేదాన్ని.

ఇక్కడ భూమి సంగతి చెప్పాలి. మా బడి వెనకాల ఒక ముసలవ్వకు ఎకరం మెట్ట చెలక ఉండేది. పిల్లల్లేరు, భర్త లేడు. కాలు తీసి కాలు పెట్టలేని స్థితికి వచ్చి అమ్మేద్దామనుకుంది. ఊరి పటేలు ఎప్పటినుంచో ఆ చెలక మీద కన్నేశాడు. ముసలవ్వ ఒకరోజు బడి వదిలేవేళ వచ్చి గోడకానుకొని కూర్చుంది.

"టీచరమ్మా, నా చెలక నువ్వు కొనుక్కుంటవా?"

"నాకెందుకవ్వా భూమి?"

"ఎందుకంటవేంది? మొగోనికే ఉండాల్నా? పటేలుకు నేనియ్య. వాని తండ్రి నా పెనిమిటిని మోదుగ చెట్టుకు కట్టేసి కొట్టిండు. నువ్వొంటిదానివి, నేనొంటిదాన్ని. నీకైతే ఇస్త."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఇంట్లో ఇరవై ఎకరాలున్నాయి. అందులో అడుగు నేల కూడా నా పేర లేదు, ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు నా పేరుతో పట్టా, నా చెలకలో నేను వేయించిన కందులు! మర్నాడు వెళ్లి చూశాను. ఎర్ర నేల, కంకర ఎక్కువే. అయినా దాని మీద నడుస్తుంటే పాదాలకు కొత్తగా అనిపించింది. వంద రూపాయలు బయానా ఇచ్చాను. నాలుగు నెలల్లో తక్కిన డబ్బు ఇస్తానన్నాను. అయిదేళ్ల గడువు తీరిపోయి అప్పటికి కొన్ని రోజులైంది. వడ్డీతో కలిపి నాలుగు వేల పైచిలుకు ఉండాలి. ముసలవ్వ అడిగింది కూడా దాదాపు అంతే.

అన్నకు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. మరుసటి నెల తనే వచ్చాడు. అరవై తీసుకోలేదు, గడువు తీరింది కదా, కొత్త ఖాతా తెరవాలన్నాడు.

"పుస్తకం తెచ్చినవా అన్నా?"

"వడ్డీ ఎక్కియ్యనీకె ఇచ్చిన. పై ఆఫీసుకు పోయింది."

భూమి సంగతి చెప్పాను. అన్న తల వంచుకొని అన్నంలో పప్పుచారు కలుపుతూనే ఉన్నాడు. "కంకర చెలక. ఏం పండుతది" అన్నాడు చివరికి. తర్వాతి నెల వచ్చినప్పుడు పోస్టుమాస్టరు సెలవులో ఉన్నాడన్నాడు. ఆ పై నెల రానే లేదు. ముసలవ్వకు ఇచ్చిన గడువు పదిహేను రోజుల్లోకి వచ్చింది. పెద్దసారుకు చెప్పి ఒకరోజు సెలవు పెట్టి నేనే బయల్దేరాను. అప్పటికీ నా మనసులో అనుమానం లేదని ప్రమాణం చేసి చెప్పగలను. అన్నకు పనులు ఎక్కువైనాయి, నేనే వెళ్లి తెచ్చుకుంటే అతనికి ఒక తిరుగుడు తప్పుతుంది అనుకున్నాను.

పోస్టుమాస్టరు కోస్తా జిల్లాల మనిషి. ఆ యాస వింటే చిన్నప్పటినుంచీ నాకు ఒళ్లు బిగుసుకునేది. మా ఉద్యోగాలు తినేవాళ్లు వీళ్లే అని అన్న చెప్పగా విని పెరిగినదాన్ని. ఆయన మాత్రం నన్ను లోపలికి పిలిచి కుర్చీ వేశాడు.

"పాసుబుక్కు లేదంటున్నారు. ఫరవాలేదండి, పేరు చెప్పండి. లెడ్జరు చూద్దాం."

పేరు, తండ్రి పేరు చెప్పాను. పెద్ద అట్టల పుస్తకం తెచ్చి బల్ల మీద తెరిచి, వేలితో వెతికి ఒకచోట ఆగాడు. పుస్తకాన్ని నా వైపు తిప్పాడు. నా పేరు. దాని కింద నెలనెలా అరవై, అరవై, అరవై. అయిదేళ్ల పాటు ఒక్క గడి ఖాళీ లేదు. నా కళ్లు సంతోషంగానే కిందికి దిగాయి. చివర ఎర్రసిరాతో గీత ఉంది.

"ఖాతా ముగిసిందండి. గడువు తీరిన వారానికే మొత్తం చెల్లించేశాం. మీకు తెలియదా?"

"లేదు. నేను తీసుకోలేదు."

ఆయన ముఖం మారింది. లేచి వెళ్లి అరగంట వెతికి ఒక కాగితం తెచ్చాడు. డబ్బు తీసుకునే ఫారం. దానికి పిన్నుచేసిన ఇంకో కాగితంలో, నా తరఫున నా అన్నకు డబ్బు ఇవ్వవచ్చని రాసి ఉంది. రాత మా అన్నది. కింద సంతకం నాది.

"ఇది మీ సంతకమేనా, టీచరుగారూ? నిదానంగా చూసి చెప్పండి. కాదంటే ఇప్పుడే పైవాళ్లకు రాస్తాను."

నిదానంగానే చూశాను. నా పేరు చివరి అక్షరం తోక కొంచెం పైకి లేస్తుంది, అట్లాగే లేచింది. మొన్నటి దసరాకు ఇంటికి వెళ్లినప్పుడు, అవ్వ సకినాలు వండుతుంటే, అన్న నాలుగు ఖాళీ ఫారాలు తెచ్చి బియ్యం పెట్టె మీద పెట్టాడు. "గడువు దీరుతది. మల్ల తిప్పి కట్టనీకె గివి గావాలె, జర సంతకం వెట్టు." పిండి చేతులు కొంగుకు తుడుచుకొని పెట్టాను. పిల్లలకు రోజూ చెప్పే మాట, చదివాక సంతకం పెట్టాలి అని. నేను ఖాళీ కాగితాల మీద పెట్టాను, మా అన్న తెచ్చాడు కాబట్టి.

"నాదేనండి" అన్నాను.

"ఖాళీ ఫారం మీద చేయించారా?"

ఫారం ఆయన వైపు జరిపాను. ఆయన ఒక తెల్లకాగితం, కలం నా ముందు పెట్టాడు. "ఫిర్యాదు రాసివ్వండమ్మా. విచారణ జరుగుతుంది. ఏజెంటు పని పోతుంది, కేసు కూడా అవుతుంది. ఆలోచించుకునే రాయండి." రెండు వాక్యాలు రాశాను. మూడో వాక్యంలో అన్న పేరు రాయాలి. కలం ఆగిపోయింది. జైలు నుంచి వచ్చిన రోజు అన్న ఎట్లా ఉన్నాడో గుర్తొచ్చింది. కాగితం మడిచి సంచిలో పెట్టుకొని లేచాను. ఆ పోస్టుమాస్టరు మంచినీళ్లు తెప్పించి ఇచ్చాడు. తాగాను. ఆ సంగతి కూడా చెప్పకపోతే తప్పవుతుంది.

బస్సు దిగి ఇంటికి వెళ్లేసరికి అవ్వ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. అవ్వకు చెప్పడానికి నాకు భయం వేసింది. కొడుకు ఇట్లాంటి పని చేశాడంటే ఏమైపోతుందో అని. పక్కన కూర్చొని, మెల్లగా, ఎంత మెత్తగా చెప్పవచ్చో అంత మెత్తగా చెప్పాను.

అవ్వ గింజలు తీయడం ఆపలేదు.

"ఇంక నీకు చెప్పలేదా వాడు?" అంది.

నాకు ముందు అర్థం కాలేదు. అప్పుడు చూశాను, అవ్వ కాళ్లకు వెండి కడియాలున్నాయి. మూడేళ్ల కింద, బోరు వేయించినప్పుడు షావుకారు దగ్గర కుదువబెట్టిన కడియాలు.

"నీకెర్కేనానే అవ్వా?"

"ఎర్కే. సర్పంచి ఎలచ్చన్లకు నిలబడ్తి, పైసల్ తక్కువవడ్డయన్నడు. చెల్లెవి ఉన్నయి గద, తర్వాత ఇద్దువు తియ్యిమన్న. కడియాలు గూడ ఇడిపించిండు. నీకేందే బిడ్డ, నెల తిరిగితె జీతమొస్తది. వానికి ముగ్గురు పిల్లలు. నీకెవరున్నరు పెట్టనీకె?"

ఆ మాటను అవ్వ కోపంతో అనలేదు. వాన పడేటట్టుంది అన్నట్టే అంది. అన్న చేసినదాన్ని ఎట్లాగో మోయగలిగేదాన్నేమో. దసరా రోజు నేను సంతకం పెడుతుంటే, రెండడుగుల దూరంలో సకినాలు తిప్పుతూ అవ్వ అంతా తెలిసే ఊరుకుందన్నది మాత్రం మోయలేకపోయాను.

అన్న పొలం నుంచి వచ్చాడు. నన్ను చూడగానే తెలిసిపోయింది. కాళ్లు కడుక్కోవడానికి చాలాసేపు తీసుకున్నాడు.

"నన్నడిగితే నేనియ్యకపోదునా?" అన్నాను.

"అడిగితె దేనికని అడుగుతవు."

"అడిగితే ఏమైతది?"

"ఏ పార్టీల నిలబడ్డనో చెప్పాల్సొస్తది." తల ఎత్తలేదు.

అప్పుడు తెలిసింది. ఎవరు మోసం చేశారని రెండు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడో, ఆ పార్టీ మనిషిగానే నిలబడ్డాడు. జీపులు, కల్లు, కోళ్లు. ఓడిపోయాడు కూడా. నేను ఏదో అనబోయేలోపు అన్న గొంతు పెంచాడు.

"ఎడ్లమ్మి సదివిచ్చిన నిన్ను. గది లెక్కలకు రాదా? నేను దేకపోతే ఆ ఇంట్ల సచ్చేదానివి!"

వదినె వాకిట్లోంచి లోపలికి వెళ్లిపోయింది. నేను సంచి తీసుకొని లేచాను. "తిని పో బిడ్డా, ఆకలితోని పోతవా" అని అవ్వ వెనక నుంచి పిలిచింది. దారిలో ఎవరో పలకరిస్తే నవ్వుతూ సమాధానం చెప్పి బస్సెక్కాను.

ముసలవ్వ దగ్గరికి వెళ్లి డబ్బు లేదని చెప్పాను. కొనేవాడు వెనక్కి తగ్గితే బయానా మునుగుతుంది, అది రివాజు. ముసలవ్వ లోపలికి వెళ్లి మూట విప్పి ఎనభై తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇరువై ఖర్సయినయి బిడ్డా, మందులకు. ఎవలు ముంచిండ్రు నిన్ను?"

"ఎవరూ కాదవ్వా" అన్నాను.

ఆ ఎండాకాలమే ఆమె చెలకను పటేలుకు అమ్మింది. రిజిస్ట్రీ రోజు బడి ముందు నుంచే బండిలో తీసుకెళ్లారు. ఆమె నా వైపు చూడలేదు. నేనూ గుమ్మంలోకి రాలేదు.

తర్వాత నేనున్న ఊరి పోస్టాఫీసులోనే ఖాతా తెరిచాను. పాసుబుక్కు నా పెట్టెలో ఉండేది. నెలకోసారి వెళ్లి, లెడ్జరు చూపించమని అడిగి, నా పుస్తకంలో అంకెను, వాళ్ల పుస్తకంలో అంకెను పక్కపక్కన పెట్టి చూసుకునేదాన్ని. అక్కడి గుమాస్తాకు విసుగు. "ఏం టీచరమ్మా, మేం తినిపోతమా?" అనేవాడు. ఇప్పుడు ఫోనులో వేలు ఆనిస్తే ఖాతా కళ్ల ముందుకొస్తుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తాను. మారడానికి అందులో ఏమీ లేకపోయినా చూస్తాను.

ఆ రోజుల్లో, నేను లెడ్జరు సరిచూసుకుంటానని తెలిసి పెద్దసారు భార్య ఒకసారి తన పాసుబుక్కు తెచ్చింది. ఆమెది మరిది కడుతున్నాడు. "జర నాది గూడ సూడుండ్రి" అంది. తీసుకెళ్లి చూపించాను. పైసతో సహా సరిగ్గా ఉంది. ఆమె ముఖం వెలిగిపోయింది. నాకు సంతోషం కలగలేదు. ఆమె మరిది కూడా తినేసి ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. నాలో అట్లాంటి మనిషి ఉందని అప్పుడే తెలిసింది.

అన్న ఆ సంవత్సరం పంట కోశాక రెండు బస్తాల బియ్యం పంపాడు. వెనక్కి పంపేశాను. మరుసటి ఏడు మళ్లీ పంపాడు. ఉంచుకున్నాను. డబ్బు మాట అతనెత్తలేదు, నేనెత్తలేదు. బదిలీలు వచ్చినప్పుడు ఇంటికి ఎంత దూరమైతే అంత మంచిదని అడిగి, భూపాలపల్లి అవతల టేకుమట్ల వైపు వేయించుకున్నాను. మా ఊరికి పోవాలంటే మూడు బస్సులు మారాలి. అది సాకుగా పనికొచ్చింది.

అక్కడికే, ఎనభైల నడుమ, ఒకరోజు అన్న కూతురిని తీసుకొని వచ్చాడు. పిల్లకు పదమూడేళ్లు. మా ఊళ్లో పై తరగతులు లేవు.

"నీ తాన ఉంచుకుంటవా? సదువుకుంటనంటున్నది" అన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. జుట్టు సగం తెల్లబడింది.

ఉంచుకున్నాను. రెండేళ్లు నా దగ్గరే ఉంది. దాని జడ నేనే వేసేదాన్ని. లెక్కల్లో చురుకు, జొన్నరొట్టెలంటే ప్రాణం, నిద్రలో గట్టిగా మాట్లాడేది. దాన్ని ప్రేమించానని చెప్పడానికి నాకు సందేహం లేదు. అయినా ప్రతి రోజూ బడికి బయల్దేరేముందు నా పెట్టెకు తాళం వేసి, ఒకసారి లాగి చూసి, తాళంచెవి రవికెలో దోపుకునేదాన్ని. చెయ్యి దానంతటదే ఆ పని చేసేది. ఒకరోజు పిల్ల పుస్తకాల సంచి భుజాన వేసుకొని తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

"అత్తమ్మా, నేను తియ్య గద" అంది.

"నీ కోసం కాదే పిచ్చిదానా, అలవాటు" అన్నాను.

అది తల ఊపింది. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. ఆ రోజు నుంచి, నేను పెట్టె దగ్గరికి వెళ్లే వేళకు ముందుగానే బయటికి వెళ్లి రోడ్డు మీద నిలబడేది. నేను తాళం వేయడం మానేద్దామని రెండు మూడుసార్లు అనుకున్నాను. ఒకరోజు వెయ్యకుండా వెళ్లి, సగం దారి నుంచి వెనక్కి వచ్చి వేశాను. పిల్ల ఆ సగం దారిలోనే, ఏమీ అడక్కుండా, ఎండలో నా కోసం నిలబడింది.